యాసిడ్‌లో కరిగిపోయిన ధూళి

ఎదురింట్లో గచ్చు మారుస్తున్నారు. పొద్దున్నుంచీ రాయి కోసే మిషను రొద, కిటికీలు మూసినా లోపలికొచ్చే తెల్లటి ధూళి. టీ తాగుతుంటే పళ్ళ మధ్య కరకరలాడింది. ఆ కరకరతో సుభద్ర గారు గుర్తొచ్చారు. ఆవిడ గుర్తొస్తే నాకు ముందు తల దించుకోవాలనిపిస్తుంది.

డెబ్బైల చివర్లో జంషెడ్‌పూర్‌లోని ఒక చిన్న పరీక్షశాలలో నా తొలి ఉద్యోగం. సుభద్ర గారు మా పెద్ద కెమిస్టు. కొలిమి గోడలకు పూసే పొడిలో, ఇటుకల మట్టిలో స్ఫటిక రూపంలోని సిలికా ఎంతుందో తేల్చడం మా పని. ఊపిరితిత్తుల్ని తినేసేది ఆ సిలికాయే. ఆవిడ పద్ధతి పాతది. పొడిని వేడి ఫాస్ఫారిక్ యాసిడ్‌లో వేస్తే మట్టి కరిగిపోతుంది, స్ఫటికం మిగులుతుంది, మిగిలినదాన్ని తూచాలి. తూచేటప్పుడు పక్కన ఎవరైనా దగ్గినా ఊరుకునేవారు కాదు. పెళ్ళి భోజనంలోనూ ఉప్పు తూచే వడ్డించుకుంటారని మేం వెనక నవ్వుకునేవాళ్ళం. చేయి పట్టుకుని నాకు పని నేర్పింది మాత్రం ఆవిడే.

ఒకరోజు అప్పలస్వామి వచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి, ఊళ్ళోనే బిర్సానగర్‌లో కాపురం, కాంట్రాక్టరు కింద, అక్కడి మాటలో ఠేకేదారు కింద, ఆ పొడి ఆడించే మిల్లులో బస్తాలు నింపే పని. మేడం తెలుగావిడని ఎవరో చెబితే, మిల్లు దూలాల మీద పేరుకున్న ధూళిని కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు. బావమరిదిని ఊరి నుంచి అదే పనికి పిలిపించాలని ఉందట. ఈ ధూళి సంగతి తెలిశాకే కబురు పెడతానన్నాడు. ఆవిడ స్వయంగా పరీక్షించి, స్ఫటికం కొంచెమే ఉంది, అంత భయం లేదని చెప్పి పంపారు.

కొన్ని నెలలకు, ఎక్స్-రే యంత్రంతో స్ఫటికాన్ని కొలిచే చోటు ఒకటి దొరికింది. రెండు పద్ధతులూ పోల్చి చూద్దామని మా దగ్గర మిగిలిన నమూనాలన్నీ కొంచెం కొంచెం అక్కడికి పంపాం. ముతక పొడుల్లో రెండు లెక్కలూ ఇంచుమించు ఒకటే. అప్పలస్వామి పొట్లం దగ్గర మాత్రం వాళ్ళ లెక్క మాదానికి ఎన్నో రెట్లు. వాళ్ళ యంత్రమే తప్పని నేను ఎగిరాను. సుభద్ర గారు కల్తీ లేని స్ఫటికాన్ని కల్వంలో ముఖానికి రాసుకునే పౌడరులా నూరి, తూచి, తన యాసిడ్‌లో తనే వేశారు. వడగట్టి చూస్తే చాలా భాగం లేదు. మట్టితో పాటు సన్నటి స్ఫటికాన్నీ యాసిడ్ కరిగించేస్తోంది. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళేది ఆ సన్నటిదే. ఆవిడ ముఖం చూడలేక నేను సీసాలు కడిగే వంకతో పక్కకు వెళ్ళిపోయాను.

పాత రిపోర్టులు తప్పని అందరికీ రాయడానికి కూర్చున్నాం. అప్పలస్వామికి కూడా ఒక ఉత్తరం రాస్తే సరిపోతుందని, తప్పు పద్ధతిదే కదా అని నేనన్నాను.

"అతనికి భయం లేదని చెప్పింది నేనేగా వసంతా. పద, నువ్వూ రా" అన్నారు.

ఆ సాయంత్రమే బిర్సానగర్ వెళ్ళాం. అప్పలస్వామి మంచం వాల్చాడు. అతని భార్య గౌరి టీ తెచ్చింది. ఆమె తమ్ముడు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి పెరట్లో తల మీద నీళ్ళు పోసుకుంటున్నాడు, ఒంటి మీంచి తెల్లటి నీళ్ళు కారుతున్నాయి. సుభద్ర గారు టీ ముట్టకుండా, నిలబడే చెప్పారు. తన పరీక్ష తప్పిందని, ఆ ధూళి ప్రమాదమని, అబ్బాయిని ముందు ఆ పని మాన్పించమని. అప్పలస్వామి ఆవిడ కంటే ఎక్కువ సిగ్గుపడిపోయి, కూర్చోమని బతిమాలుతున్నాడు. గౌరి మాత్రం ఊరుకోలేదు.

"ఠేకేదారు సెప్తే నమ్మకపోదుమమ్మా. మీరు సెప్పేరనే గదా మా తమ్ముడిని పిలిపించేం."

 వెంటనే మళ్ళీ అడిగింది.

"ఇప్పుడు సెప్పింది కూడా రేపు తప్పయితే ఏటి సేత్తారు?"

"అవ్వొచ్చమ్మా. అయితే మళ్ళీ నేనే వచ్చి చెబుతాను."

గౌరి గుమ్మం దాకా వచ్చింది కానీ మళ్ళీ రమ్మనలేదు. ఖాళీ చేసిన టీ గ్లాసు నా చేతిలో ఉండిపోయింది. తాగినందుకు చచ్చేంత సిగ్గేసింది.

వారం తిరక్కుండా ఆ అబ్బాయి నది అవతల మాంగో అనే పేటలో ఒక కిరాణా కొట్లో చేరాడు. అప్పలస్వామికి వేరే పని దొరకలేదు, మిల్లులోనే ఉండిపోయాడు. సుభద్ర గారు ఠేకేదారు చుట్టూ, పైవాళ్ళ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, చివరికి ధూళి లేవకుండా నీళ్ళు చల్లించే ఏర్పాటు చేయించారు. అప్పటికే అతనికి దగ్గు పట్టుకుంది.

తర్వాత నేనూ పెద్ద కెమిస్టునయ్యాను. మంచి యంత్రాలు చేతికొచ్చాయి. ఏ పద్ధతితో కొలిచామో, ఆ పద్ధతికి ఏది చిక్కదో ప్రతి రిపోర్టులోనూ రాయడం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. అంతవరకూ ఆవిడ పేరు నిలబెట్టాననే అనుకుంటాను. నా లెక్కలూ తప్పాయి, సవరణలూ పంపాను. అన్నీ పోస్టులోనే పంపాను. ఒక్కసారి కూడా ఎవరి గుమ్మంలోనూ వెళ్ళి నిలబడలేదు.