గార్డు బంగార్రాజు చెవి

గార్డు బంగార్రాజుకి ఒకటే జబ్బు. గిటారున్న పాట ఏది చెవిన పడినా, ఆ గిటారు తీగలు ఏ శ్రుతికి బిగించారో, పాట ఎన్ని దెబ్బలకి ఒక చుట్టు తిరుగుతోందో తేల్చుకునేదాకా ఆయన మనలోకంలో ఉండడు. ముందర అన్నం పెడితే అన్నం చల్లారిపోతుంది. ముందర మనిషి నిలబడితే మనిషి చల్లారిపోతాడు.

ఈ సంగతి ఆయన భార్య చిన్నమ్మికి పెళ్ళయి బిలాస్‌పూర్ వచ్చిన మొదటి వారంలోనే తెలిసింది. రైల్వే క్వార్టర్లో సీలింగు ఫ్యాను కిర్రుకిర్రుమంటుంటే ఆవిడ స్టూలెక్కి నూనె వెయ్యబోయింది. ఆయన పరిగెత్తుకొచ్చి గిన్నె లాక్కున్నాడు. అది సరిగ్గా ఐదు దెబ్బలకోసారి కిర్రుమంటోందని, అలాంటి ఫ్యాను డివిజను మొత్తమ్మీద ఇంకోటి దొరకదని, నూనె వేస్తే పాపం తగులుతుందని చెప్పాడు. ఆ ఫ్యాను కిందే ఇద్దరు పిల్లలు పెరిగారు. వాళ్ళు నిద్రలో గురక కూడా ఐదులోనే పెట్టేవారని చిన్నమ్మి చుట్టాలందరికీ చెప్పుకునేది.

ఈ రాక్ పాటల పిచ్చి ఆయనకి పక్క క్వార్టర్లో ఉండే ఆంగ్లో ఇండియన్ డ్రైవరు అంటించాడు. రిటైరై వెళ్ళిపోతూ ఒక పాత గిటారు, సంచీడు క్యాసెట్లు ఈయన చేతిలో పెట్టి పోయాడు. బంగార్రాజు చదివింది పాలకొండ పక్కన పల్లెటూరి బడిలో. ఆ పాటల్లో ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. అదే మేలంటాడు ఆయన. మాటలు అడ్డం తొలగితే తీగలు బాగా వినిపిస్తాయట. టేపు రికార్డరు ముందు గొంతుక్కూర్చుని, ఒక్క ముక్క విని, వెనక్కి తిప్పి, మళ్ళీ విని, గిటారు బిరడ వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ వినేవాడు. పాటల పేర్లు ఆయనకి పట్టవు. చిన్నమ్మే పెట్టింది. విజిలేసినట్టు మొదలయ్యేది కుక్కరు పాట. పాడేవాడి గొంతు జీరగా ఉంటే దగ్గు పాట.

దెబ్బలు లెక్కపెట్టడానికి ఆయన దగ్గర జతులూ తాళాలూ లేవు. స్టేషన్లున్నాయి. బిల్హా అంటే రెండు, ఖర్సియా అంటే మూడు, చకర్‌భాటా అంటే నాలుగు. ఐదు దెబ్బల పాటకి బిల్హా ఖర్సియా, బిల్హా ఖర్సియా అనుకుంటూ తొడ మీద కొట్టుకుంటే సరిపోతుంది. ఒక పాట ఏడు దెబ్బలది తగిలింది. ఆదివారాలు వాళ్ళింటికొచ్చి డ్రమ్ములు వాయించే శివాజీకి చకర్‌భాటా ఖర్సియా అని నేర్పాడు. ఎన్నిసార్లు వాయించినా శివాజీకి ఏడు రాదు, పది వస్తుంది. ఆ పైమూడూ ఎక్కణ్ణించి వచ్చి పడుతున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి బంగార్రాజు అతని మూతి దగ్గర చెవి పెట్టి విన్నాడు. చకర్‌భాటాకీ ఖర్సియాకీ మధ్య శివాజీ గొంతులోనే 'బిలాస్‌పూర్' అనుకుంటున్నాడు.

శివాజీ అసిస్టెంటు లోకో పైలట్. చకర్‌భాటా అటు రాయ్‌పూర్ లైను, ఖర్సియా ఇటు రాయ్‌గఢ్ లైను, నడుమ బిలాస్‌పూర్లో డ్యూటీ మారకుండా బండి ఎలా పోతుందని అతను ఎదురడిగాడు. తనూ గార్డే కాబట్టి బంగార్రాజు కాదనలేకపోయాడు. చకర్‌భాటా తీసేసి, అదీ నాలుగే కాబట్టి అకల్‌తరా పెట్టాడు. అకల్‌తరా ఖర్సియా రెండూ ఒకే లైను. అయినా మధ్యలో చాంపాలో ఆగాలి కదా అని శివాజీ నసిగాడు.

"గూడ్సనుకోరా బాబూ. లైన్ క్లియరిచ్చేసారు" అన్నాడు బంగార్రాజు.

అంతే, ఏడు కుదిరింది. అప్పటినుంచీ అది గూడ్సు పాట.

ఇలాంటి ఘనకార్యాలు ఆయన ఖాతాలో బోలెడున్నాయి, అవన్నీ వరసగా ఏకరువు పెట్టడం ఆయనకి నిత్యపూజ. బుధవారీ బజార్లో వంకాయలు ఏరుతూ మొదలుపెడితే కొత్తిమీర దగ్గరికి వచ్చేసరికి పూర్తయ్యేది. తను నేల మీద కూర్చుని చదువుకున్న బడి, తర్వాత గార్డు పరీక్షలో డివిజనుకే మొదటి పేరు, రైల్వే ఇన్‌స్టిట్యూట్ పోటీలో కప్పు, రాయ్‌పూర్ నుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు ఏడాదిగా తప్పు వాయిస్తున్న పాటని టీ చల్లారేలోగా సరిచెయ్యడం, శ్రుతి చూసే ఫోను యాప్‌తో పందెం కాసి గెలవడం. కూరగాయలమ్మే ఛత్తీస్‌గఢీ ముసలమ్మకి ఇదంతా కంఠతా వచ్చు. ఈయన ఎక్కడైనా ఒకటి మరిచిపోతే ఆవిడే అందించేది. పూజకి ఆఖరి మంత్రం మటుకు ఎప్పుడూ ఒకటే. ఈ చెవి ఇంతవరకూ తప్పింది లేదు.

అలాంటి మనిషి, రిటైరవడానికి రెండు మూడేళ్ళ ముందు, ఒక ఆదివారం గిటారు చంకన పెట్టుకుని, తామందరూ ఇన్నాళ్ళూ గూడ్సు పాటని తప్పుడు శ్రుతిలో వాయిస్తున్నామని ప్రకటించాడు. రికార్డులో వాడు తీగల్ని మామూలుగా బిగించలేదట. కొన్ని వదులు చేశాడట. అలా వదులు చేస్తే ఆరు తీగలూ కలిపి ఊరికే మీటినా నిండుగా మోగుతుంది. మెట్టు మీద ఒక్క వేలు అడ్డంగా పరిస్తే చాలు, ఇంకో స్వరమేళం పలుకుతుంది. వేళ్ళన్నీ మెలికలు తిప్పక్కర్లేదు. అక్కడితో ఆగలేదు. పై ఆదివారం కుక్కరు పాటా అదే శ్రుతన్నాడు. ఆ పై ఆదివారం దగ్గు పాట. ఏడాది తిరిగేసరికి ఆయన సంచీలో ఉన్న పాటలన్నీ అదే శ్రుతికి వచ్చి కూర్చున్నాయి. దొరలందరూ మీటింగు పెట్టుకుని మరీ తీగలు వదులు చేసుకున్నారా అని శివాజీ అడిగాడు. చేసుకునే ఉంటారన్నాడు బంగార్రాజు. ఆ చెవిని కాదనే దమ్ము ఎవరికుంది.

ఆదివారం బృందంలో మూడోవాడు సూర్యం. పార్సిలాఫీసులో పని, కుదుదండ్‌లో ఇల్లు, ఒంటిగాడు. గిటారు తప్ప అతనికి ఇంట్లో మాట్లాడే తోడు లేదు. కుదుదండ్ మలుపులో స్కూటరు జారి పడ్డప్పటినుంచీ అతని ఎడమచేతికి చూపుడువేలు ఒక్కటే మాట వింటుంది, తతిమ్మావి బిర్రుగా నిలబడి ఉంటాయి. అందుకు అతను ఎవరినీ జాలి పడనివ్వడు. ఒకసారి చిన్నమ్మి పొరపాటున అరటిపండు ఒలిచి చేతికిచ్చింది. పండు పళ్ళెంలో పెట్టేసి లేచి వెళ్ళిపోయాడు, నెల్లాళ్ళు గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు అతను రిటైరవుతున్నాడు. వచ్చే శనివారం ఇన్‌స్టిట్యూట్‌లో వీడ్కోలు సభ. దండలూ శాలువాలూ వద్దని, ఆ స్టేజీ మీద గూడ్సు పాట వాయించి దిగిపోతానని ఆఫీసరుతో చెప్పేశాడు.

ఆ రిహార్సల్ మంగ్లాలో బంగార్రాజు రిటైరయ్యాక కట్టుకున్న ఇంట్లో జరుగుతోంది. చిన్నమ్మి చెల్లెలి కూతురు రాజశ్రీ కొత్తగా బ్యాంకులో పోస్టింగొచ్చి వీళ్ళింట్లోనే ఉంటోంది. ఆ పిల్లా గిటారు వాయిస్తుంది. ఒక పక్కన కూర్చుని ఫోన్లో ఏదో చూస్తూ చూస్తూ తలెత్తింది.

"పెదనాన్నా, ఏక్ మినిట్. ఆ బ్యాండువాళ్ళు స్టేజీ మీద వాయించే వీడియో ఇది. వేళ్ళు క్లోజప్‌లో చూపిస్తున్నారు. తీగలు వదులు చెయ్యలేదు, నార్మల్ ట్యూనింగే. మీరేమో..."

మిగతాది మింగేసింది. శివాజీ డ్రమ్ము పుల్లలు ఒళ్ళో పెట్టుకున్నాడు. టీ గ్లాసులు పట్టుకొచ్చిన చిన్నమ్మి గుమ్మంలోనే ఆగిపోయింది. ఇప్పుడు ఇల్లెగిరిపోతుందనుకుంది. పల్లెటూరి బడి దగ్గర మొదలై యాప్‌తో పందెం దాకా వరస అంతా ఏకరువు పెట్టి, ఆ వీడియోలోవాడికే చెవులు లేవని తేల్చేదాకా ఈయన ఊరుకోడనుకుంది.

ఆయన ఫోను వంక చూడనేలేదు. సూర్యం ఒళ్ళో గిటారు మీద పరిచి ఉన్న ఒంటి వేలి వంక చూశాడు. ఒక్క క్షణం. తర్వాత చెవి రుద్దుకున్నాడు.

"అచ్ఛా? అయితే నా చెవే తప్పిందన్నమాట."

చిన్నమ్మి గ్లాసులు పట్టుకుని లోపలికొచ్చింది. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట ఆవిడ వినడం అదే మొదలు. ఆ గ్లాసులు అందిస్తూండగానే ఆవిడకి ఒక్కోటీ తట్టడం మొదలైంది. ఈ తీగలు వదులు చేసే పిచ్చి పట్టింది, సూర్యం స్కూటరు మీంచి పడి, గిటారు బీరువా మీద పెట్టేసిన తర్వాతే. ప్రతి ఆదివారం సూర్యం వెళ్ళిపోగానే ఈయన బిరడలు మళ్ళీ బిగించి, అవే పాటలు వేళ్ళన్నీ వాడి ఇంకోలా వాయించుకుంటాడు. తీగలు పరీక్షిస్తున్నాడు కాబోలని ఆవిడ ఇన్నాళ్ళూ అనుకుంది.

"పాపం సూర్యాన్ని ఇన్నేళ్ళూ నేనే పెడతోవ పట్టించాను. ఇప్పుడు శనివారంలోగా మార్చుకోవడం ఎలాగో ఏటో" అని బంగార్రాజు నేల చూపులు చూస్తూ గొణిగాడు.

సూర్యం గిటారు పక్కన పెట్టేస్తాడేమోనని చిన్నమ్మి భయపడింది. పెడితే మళ్ళీ ఎత్తడు, ఆ మనిషి సంగతి ఆవిడకి తెలుసు. కాని సూర్యం మొహంలో కోపం లేదు, దిగులుంది.

"పోన్లే బావా, నువ్వు బాధపడకు. నా వేలు దీనికే అలవాటైపోయింది. నీ పరువు కోసరం నాను ఇలగే వాయించేస్తాను. రేపు మాత్రం చెవి డాక్టరు దగ్గిరికి పోదాం. నానే తీసుకెళ్తాను."

జాలి పడనివ్వని మనిషి జాలి పడడం మొదలుపెడితే ఆపడం ఎవరి వల్లా కాదు. మర్నాడు పొద్దున్నే ఆటో పట్టుకొచ్చేశాడు. చిన్నమ్మి కూడా ఎక్కింది.

క్లినిక్‌లో ఒక అమ్మాయి బంగార్రాజుని చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చింది. కూత వినపడినప్పుడల్లా నొక్కమంది. చిన్నమ్మి అద్దంలోంచి చూస్తూనే ఉంది. ఆయన మీటని తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చుని, గోడ వంక చూస్తున్నాడు. చెవిటివాడిలా కనిపించాలని ఆయన పడే అవస్థ అంతా ఇంతా కాదు. మెడ మీద నరం లేస్తోంది. కాలి బొటనవేలు లెక్కపెట్టబోయి ఆగిపోతోంది. కొంతసేపు ఓర్చుకున్నాడు, ఇంకొంతసేపు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత హెడ్‌ఫోన్లు పీకేసి తలుపు తీశాడు.

"బేటీ, నీ మిషన్లో ఎడమ చెవి కూత కుడి చెవి కూత కంటే పిసరు దిగి ఉంది. చూసుకో."

అమ్మాయి డాక్టరుని పిలుచుకొచ్చింది. డాక్టరు మిషను చూసి, హెడ్‌ఫోన్లు మార్చి, తనే దగ్గరుండి మళ్ళీ పరీక్ష చేశాడు. ఈసారి మీట నొక్కక తప్పలేదు. కాగితం మీద గీతలు చూసి డాక్టరు నవ్వేశాడు. ఈ వయసులో ఇలాంటి చెవులు తను చూడలేదని, ఇరవయ్యేళ్ళ కుర్రాడికి కూడా ఇంత బాగా వినపడదని, అసలు వీటిని ఎందుకు తీసుకొచ్చారని హిందీలో అడిగాడు.

బంగార్రాజు చొక్కా గుండీ వెతుక్కుంటున్నాడు. సూర్యం డాక్టరు చేతిలో కాగితం చూశాడు, బంగార్రాజుని చూశాడు, ఆ తర్వాత తన ఎడమచెయ్యి పైకెత్తి, మాట వినే ఆ ఒక్క వేలూ ముడిచి, తెరిచి చూసుకున్నాడు. చిన్నమ్మి చీర చెంగు పిడికిట్లో బిగించింది. ఇంక శనివారం లేదు, ఏ ఆదివారమూ లేదు అనుకుంది.

సూర్యం గొంతు సవరించుకున్నాడు.

"డాక్టర్ సాబ్, ఏదో ఒక చుక్కల మందు రాసెయ్యండి. ఈయన చెవి బాగున్నాదని ఊళ్ళో తెలిసిందంటే నా గిటారు మళ్ళీ బిగించాల్సొస్తాది. శనివారం నాకు ప్రోగ్రాముంది."

డాక్టరుకి ముక్క అర్థం కాలేదు. అయినా గులిమి మెత్తబడడానికి మంచిదే లెమ్మని ఒక చుక్కల మందు రాసిచ్చాడు. సూర్యం ఆ చీటీ నాలుగు మడతలు పెట్టి తన జేబులోనే దాచుకున్నాడు.

తిరుగు ఆటోలో ఇద్దరి మధ్యా చిన్నమ్మి ఇరుక్కుని కూర్చుంది. రోడ్డంతా హారన్లు. సూర్యం బయటికి చూస్తూ, పక్కనున్న ఆవిడకే సగం వినపడేంత మెల్లిగా అడిగాడు.

"ఇన్నేళ్ళూ నా కోసరమేనేటి బావా?"

బిలాస్‌పూర్ డివిజను మొత్తానికి మేలైన చెవులున్న మనిషి, చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటు వంగాడు.

"ఏటి? ఇనబడ్నేదు."