పేర్లు పిలిచే మనిషి పేరు

తల్లి తనను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదన్న సంగతి ఆమె ఏ వయసులో గమనించి ఉంటుంది? ఒకే గోడకు అటూ ఇటూ కాపురమున్నాం. వాళ్ళింటి మాటలు ఎన్ని విన్నానో లెక్కలేదు. దీనికి మాత్రం నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. మన భాషలో ఈ వెలితి దాచుకోవడం తేలిక. "ఏమే", "ఒసేయ్", "అమ్మాయ్", కోపమొస్తే "దీన్ని తగలెయ్య", పరాయివాళ్ళ దగ్గర "మా అమ్మాయి". ఇన్ని ఉండగా పేరుతో పనేముంది?

ఆమె బతుకుతెరువు మాత్రం పేర్లే. కంటి ఆసుపత్రిలో డాక్టరు గది తలుపు పక్కన నిలబడి, లోపలికి వెళ్ళాల్సినవాళ్ళను పిలిచేది. మైకు లేదు, అక్కర్లేదు కూడా. మందు చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకు కూర్చున్నవాళ్ళకు ఆ గొంతే దారి. ముందు ఇంటిపేరు, తర్వాత అసలు పేరు, చివర "గారు". మూటలు మోసేవాడికైనా ఆ "గారు" తప్పేది కాదు. ఒకసారి ఒక ముసలాయన పిలిచినా లేవలేదు. వినపడలేదేమోనని దగ్గరికి వెళ్ళింది.

"వినపడిందమ్మా. ఇంకోసారి పిలువు, బాగుంది," అన్నాడు.

ఆమె పేరుకు తెల్లవారే వేళ అని అర్థం. పెట్టింది తండ్రి. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. "నువ్వు పుట్టేసరికి కిటికీలో తెల్లారిందే తల్లీ, అందుకే," అని చెప్పి మురిసిపోయేవాడు. అప్పట్లో ఆ పేరు చుట్టుపక్కల ఎవరికీ లేదు. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు పంతులుగారు తడబడి, మళ్ళీ చదివేవారట. తర్వాత ఏ గాలి వీచిందో గాని వీధికి ముగ్గురు తయారయ్యారు. నేనిక్కడ రాస్తే ఎంతమంది తలతిప్పి చూస్తారోనని రాయడం లేదు. ఆసుపత్రిలోనూ ఆ పేరు ఆమే పిలవాల్సివచ్చేది. ఏ కళ్ళజోడు పిల్లో అమ్మ చెయ్యి పట్టుకుని గెంతుతూ వచ్చేది.

"నిన్ను నువ్వే పిలుచుకుంటున్నావా అక్కా? పలుకు మరి!" అనేవాడు కంపౌండరు. ఆమె నవ్వేసేది.

తండ్రి పోయాక ఆ పేరు పలికే నోరు ఇంట్లో లేకుండా పోయింది. ఒకరోజు మెట్ల మీద బట్టలు మడతపెడుతూ ఉన్నట్టుండి నాతో అంది: "ఒక్కసారి అమ్మ నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలు పిన్నిగారూ. తిట్టడానికైనా సరే."

తల్లికి కంట్లో పొర ముదిరింది. కూతురి ఆసుపత్రిలోనే ఆపరేషన్ అన్నారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, కొత్త అద్దాల కోసం. చుక్కలు వేయడంతో ఒళ్ళో పుస్తకం ఉండీ చదవలేక, చెవులప్పగించి కూర్చున్నాను. కొత్తగా చేరిన నర్సు తల్లి దగ్గరికి వచ్చింది.

"మీ వెంట ఎవరొచ్చారు పెద్దమ్మా?"

"మా అమ్మాయి. అదిగో, ఆ తలుపు దగ్గర అరుస్తోందే, అది."

"పేరు చెప్పండి, కేకేస్తాను."

"అమ్మాయ్ అను, పలుకుతుంది."

"ఇక్కడ సగంమంది అమ్మాయిలే కదా పెద్దమ్మా!"

అందరూ నవ్వారు. కూతురు పిలవడం ఆపి ఇటు తిరిగింది.

"చెప్పమ్మా," అంది మెల్లగా. "నా పేరు చెప్పు."

"అది నా నోట రాదే."

"ఎందుకు రాదు?"

"ఎవత్తె పేరో తెచ్చి నీకు తగిలించాడు ఆ మహానుభావుడు. ఇంట్లో కూర్చుని పొద్దస్తమానం దాన్ని పిలుచుకోవాలిగా! ఆయనతో పాటు నేనూ పిలవాలా?"

"తెల్లారుతుంటే పుట్టానని కదా..."

"నువ్వు పుట్టింది మిట్టమధ్యాహ్నం. ఎండ మండిపోతోంది."

గడియారాలు బాగుచేసేవాడు వేళ విషయంలో అబద్ధమాడతాడని ఎవరనుకుంటారు?

 కూతురు కొంగుతో మొహం తుడుచుకుని తలుపు వైపు తిరిగింది. తల్లిని పిలిచింది. ముందు ఇంటిపేరు, తర్వాత అసలు పేరు, చివర "గారు". గొంతు ఎప్పటిలాగే ఉంది.

"ఏమే, నన్నేనా?" అంది తల్లి, కూర్చున్నచోటి నుంచే.

మళ్ళీ అలాగే పిలిచింది, అంతే స్పష్టంగా. నర్సు చెయ్యి పట్టుకుని ఆవిడ లోపలికి వెళ్ళింది.

కూతురు గోడ మేకుకు తగిలించిన తన సంచీ తీసుకుంది.

"తర్వాతెవరక్కా?" అన్నాడు కంపౌండరు.

లోపలి నుంచి "అమ్మాయ్!" అని తల్లి కేక వినిపించింది. హాల్లో నలుగురు తలతిప్పి చూశారు. ఆమె తిప్పలేదు. నా మోకాళ్ళకు సంచీ రాసుకునేంత దగ్గరగా నడిచి, మెట్లు దిగిపోయింది. వస్తానని నాతోనూ అనలేదు.