గ్లాసుడు నీళ్ల భయం

మా ఉద్దానంలో ఇద్దరు ఎదురుపడితే అన్నం తిన్నావా అన్న తర్వాత అడిగే మాట "ఎన్ని పాయింట్లు?" అని. కిడ్నీలు సరిగా పనిచెయ్యకపోతే రక్తంలో క్రియాటినిన్ అనేది పేరుకుపోతుంది. దానికి మావాళ్లు పెట్టుకున్న లెక్క అది. ఒకటి దాటనివాడు నవ్వుతూ చెబుతాడు. దాటినవాడు మాట మారుస్తాడు. మరీ పెరిగిపోయినవాళ్లని ఎవరూ అడగరు. వాళ్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుని, సాయంత్రం బస్సు దిగి, చేతికి పట్టీతో తలొంచుకుని ఇంటికి పోతారు. మా అన్నయ్య అలా తిరిగి తిరిగే పోయాడు. తర్వాత ఎవరి వంతా అని అప్పట్నుంచి నాకు ఒకటే భయం.

మొన్న వేసవిలో బడి దగ్గర రక్తపరీక్షలు చేస్తారని ఆశా వర్కరు ఇంటింటికీ తిరిగి చెప్పింది. మర్నాడు పొద్దున్న చూస్తే ఊళ్లో మగాళ్లు లేరు. అందరికీ సరిగ్గా ఆ రోజే జీడితోటల్లో పని పుట్టుకొచ్చింది. మా ఆయన కూడా గునపం భుజాన వేసుకున్నాడు. నాకు మేనమామ కొడుకే, చిన్నప్పట్నుంచీ ఎరిగిన మనిషే. గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"ఏటి బావా, తోట రేపటికి పారిపోతాదేటి?"

"నానేటి మంచాన పడున్నానా? సూపించుకుంటే నేనిపోని జబ్బు తగిలిస్తారు."

"నేకపోతే నేదంటారు. నడు."

నా నోటికి జడిసి వచ్చాడు గానీ ఇష్టపడి రాలేదు. సూది గుచ్చుతుంటే గోడ మీద పిల్లలు రాసిన ఎక్కాలు చదువుతూ కూర్చున్నాడు.

ఫలితం వచ్చిన రోజు ఆశా వర్కరు మా ఇంటికొచ్చి, కుర్చీ వేస్తే కూర్చోలేదు. నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. "వదినా, అన్నయ్యకి రెండు దాటిందట. డాక్టరమ్మ రమ్మన్నారు" అంది. అక్కడ సగం తోమి వదిలేసిన గిన్నె తీసి మళ్లీ తోమడం మొదలుపెట్టాను. పోయిన మా అన్నయ్యకీ మొదట రెండే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కాళ్లు నొక్కి చూసింది, బీపీ చూసింది. రోజుకి ఎంత నీళ్లు తాగుతారని అడిగింది.

"తాగతన్నానండి" అన్నాడు.

"అంటే ఎంత?"

ఈయన నా వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "నొప్పి మాత్ర ఏసుకున్నప్పుడు ఓ గుక్క" అన్నాడు.

అప్పుడు బయటపడింది. మా అన్నయ్య పోయిన దగ్గర్నుంచి ఈయనకి నీళ్లంటే భయం. జబ్బంతా నీళ్లలోనే ఉందని ఊరు ఊరంతా అంటుంది. అందుకని బోరు నీళ్లు తాగడు. కుళాయి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నమ్మకం లేదు. కొనుక్కునే క్యాను నీళ్లు మా పాపకీ నాకూ చాలాలట. నేను పొద్దున్న నింపి ఇచ్చిన సీసా సాయంత్రానికి ఖాళీగానే తెచ్చేవాడు. తోటకి పోయే దారిలో మొక్క మొదట్లో పోసేసేవాడట. ఎర్రటి ఎండలో గోతులు తవ్వుతూ, నోరెండితే ఓ జీడిపండు చీకేవాడు. గంజి కూడా ఆ నీళ్లదే కదా అని మానేశాడు. అన్నం మాత్రం తినేవాడు. అది ఏ నీళ్లతో ఉడికిందో ఎందుకు అడగలేదో ఆ మహానుభావుడికే తెలియాలి.

డాక్టరమ్మ తిట్టలేదు. "నీళ్లు తాగకపోయినా ఈ లెక్క పెరుగుతుంది. ఆ నొప్పి మాత్రలు ఆపేయండి. బాగా నీళ్లు తాగి మళ్లీ రండి. ఇది జబ్బో, దాహమో అప్పుడు తెలుస్తుంది" అంది.

ఆ మధ్య రోజులు ఎలా గడిపామో చెప్పలేను. ఈయన గ్లాసు చేతిలోకి తీసుకుని కషాయంలా కళ్లు మూసుకుని తాగేవాడు. నేను కాపలా. పైకి గద్దించేదాన్ని గానీ లోపల ఒక్కో గుటకా లెక్కపెట్టుకునేదాన్ని. నేను బలవంతాన పోస్తున్న ఈ నీళ్లలోనే జబ్బుంటే? పొయ్యకపోతే అదో చావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు చూడండి, మా ఊళ్లో ఆ నుయ్యి చూస్తేనే భయం.

ఆస్పత్రి నర్సమ్మ ఈ జబ్బున్న ఇళ్ల ఆడవాళ్లని వారానికోసారి బడి అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడిస్తోంది. ఏడుపులు వినడానికి ఎందుకులే అని ఎప్పుడూ వెళ్లలేదు. ఈసారి వెళ్లాను. భర్తని పోగొట్టుకున్న ఒకావిడ నా పక్కన కూర్చుని, "సెప్పుకుంటే భయం తగ్గదమ్మా. ఒక్కదానివే మొయ్యక్కర్నేదు, అంతే" అంది. ఇంటికొచ్చి, ఆ రోజుల్లో మొదటిసారి ఆకలేసి, అన్నం వండుకున్నాను.

రెండోసారి రక్తం ఇచ్చాక డాక్టరమ్మ ఇద్దర్నీ లోపలికి పిలిచింది. పాయింట్లు తగ్గాయి. కానీ ఒకటికి దిగలేదు. "కొంత దాహం, కొంత జబ్బు" అంది. మొదట్లోనే దొరికింది కాబట్టి మందులతో, జాగ్రత్తతో చాలాకాలం నెట్టుకురావచ్చంది. ఈయన అన్నింటికీ తలూపాడు.

ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు. గ్లాసు నింపి తెచ్చి పక్కన పెట్టాను. దాన్ని ముట్టుకోలేదు.

"ఒసే, ఓ మాట సెప్పు. ఇది తాగి తెచ్చుకున్నానా, తాగక తెచ్చుకున్నానా?"

డాక్టరమ్మకే తెలియని సంగతి నాకేం తెలుస్తుంది? పెద్ద పెద్దవాళ్లు వచ్చి మా నేలా నీళ్లూ పట్టుకెళ్తూనే ఉన్నారు, ఇదీ కారణమని ఇంకా ఎవరూ తేల్చలేదు. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. భయంతో ఆ కళ్లు పసిపిల్లాడి కళ్లలా ఉన్నాయి.

నేనే గ్లాసు తీసుకున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నా ఎంగిలి ఆయనకెప్పుడూ ఇవ్వలేదు. సగం తాగి, మిగతా సగం ఆయన చేతిలో పెట్టాను.

"తాగు బావా. ఏటొచ్చినా ఇద్దరికీ వస్తాది."