అత్త కూర్చోబెట్టిన వరండా

మా ఎదురు క్వార్టర్ అత్త మొన్న సోమవారం పొద్దున కన్నుమూసింది. ఏళ్ల తరబడి రోజూ మా అందరిచేతా కళ్లు మూయించి, గంట కొట్టి తెరిపించిన మనిషి. ఈసారి గంట కొట్టినా తెరవలేదు. ఆ వార్త బస్తర్ ఇనుప గనుల పక్కనున్న మా కిరండూల్ రైల్వే కాలనీలో చివరి క్వార్టర్‌కు చేరేలోపే కాలనీ సెక్రటరీ గారు కమ్యూనిటీ హాలుకు కొత్త తాళం వేయించారు. సంతాపాన్ని ఇంత చురుగ్గా ప్రకటించిన మహానుభావుణ్ని నేనింతవరకూ చూడలేదు.

ఆ హాల్లోనే సాయంత్రాలు మేం కూర్చునేవాళ్లం. బౌద్ధుల పద్ధతి. ఊపిరిని గమనించడం, చేసే పనిని ఎరుకతో చేయడం. ఒకప్పుడు పక్క క్వార్టర్‌లో ఉన్న నాగపూర్ నర్సు అత్తకు నేర్పింది. ధ్యానం అనే మాట అత్తకు నచ్చేది కాదు. "కూకోడం" అనేది, అంతే. డిగ్రీ పూర్తిచేసిన నేను నిర్వాణం కోసం కాక, ఆఖర్న వచ్చే పకోడీల కోసం చేరాను. అత్తకు తెలుసు.

"పర్లేదురా, పకోడీనైనా సూసి తిను. సగం ఫోన్ తింటన్నావు" అనేది.

వంటింటికి కూడా ఆమె దగ్గర ఉపదేశం ఉండేది: "సేప తోమినప్పుడు సేప తోము. మొగుణ్ని తిట్టినప్పుడు మొగుణ్ని తిట్టు. రెండూ కలిపితే యేలు తెగుద్ది."

ఇనుపరాయి గూడ్సు కాలనీ పక్కనుంచి వెళ్తున్నంతసేపూ మాట ఆపి ఊపిరి చూసుకోవాలన్నది ఆమె శాసనం. ఒకసారి ఫిట్టర్ మావయ్య మురుగునీళ్లు అత్త ముంగిట్లోకి వదిలాడు. "సిగ్గు నేదేటి నీకు" అని అత్త అందుకుందో లేదో గూడ్సు వచ్చింది. ఇద్దరూ కళ్లు మూసుకుని విగ్రహాల్లా నిలబడ్డారు. ఆఖరి వ్యాగన్ దాటింది.

"ఆఁ, సిగ్గు నేదేటి అన్నాను కదా. ఇప్పుడు సెప్పు" అంది అత్త, ఎంతో ప్రశాంతంగా.

మావయ్య ఆ ప్రశాంతతకే హడలిపోయి కాలువ తవ్వుకున్నాడు. ఆ వారమే హాలుకొచ్చి మా పక్కన కూర్చున్నాడు కూడా.

"శాంతంగా ఉండాలి కదత్తా?" అని అడిగాను.

"ఊపిరి సూసుకోమన్నాడు గానీ, నోరు మూసుకోమన్నాడేటిరా బుద్ధుడు?"

అందుకే సెక్రటరీ గారికి ఆమె అంటే గుబులు. కొత్త మతం పెడుతున్నారని ఒకసారి గుమ్మానికి అడ్డంగా నిలబడి పర్మిషన్ కాగితం చూపించమన్నారు.

"ఊపిరి తియ్యడానికి పర్మిషనేటి బాబూ? నీకెవులిచ్చినారు?" అంటూ అత్త ఆయన్ని దాటుకుని లోపలికెళ్లి చాప పరిచింది. గుడికెళ్లేవాళ్లూ, చర్చికెళ్లేవాళ్లూ, సంతనుంచి ఖాళీ బుట్టతో వచ్చే, ఇక్కడి హల్బీ భాష మాట్లాడే హల్బీ అక్కా ఆమె వెనకే నడిచారు.

ఆమె పోతే ఈ గుంపు దానంతటదే చెదిరిపోతుందని ఆయన అంచనా. నిజం చెప్పొద్దూ, మా భయమూ అదే. గంట కొట్టే మనిషి లేకుండా ఇన్ని రకాలవాళ్లం ఒకచోట ఎన్నాళ్లు కూర్చోగలం?

దహనమైన మర్నాడు సాయంత్రం, ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే, అందరం తాళం ముందు తేలాం. సెక్రటరీ గారు తలుపుకు వీపు ఆనించి కాపలా కాస్తున్నారు.

"ఆవిడే లేదు. ఇంకేటి? చలో, ఇళ్లకెళ్లండి."

"ఆవిడ నేదు గానీ మేం ఉన్నాం కదేటి?" అన్నాడు ఫిట్టర్ మావయ్య. "హాలుకి ఏసినావు. వరండాకి కూడా ఎయ్యి తాళం, సూద్దాం!"

అని అక్కడే చతికిలబడ్డాడు. హల్బీ అక్క బుట్ట దించింది. ఒకరి తర్వాత ఒకరం కూర్చున్నాం. చాపలన్నీ లోపలే ఉండిపోయాయి. గంట కొట్టేవాళ్లు లేరు కాబట్టి ఎప్పుడు లేవాలో ఎవరికీ తెలియలేదు. అందుకని లేవలేదు.

చీకటి పడుతుండగా లేచి చూసుకున్నాం. గని నుంచి కొట్టుకొచ్చి వరండా నిండా పరుచుకున్న ఎర్రదుమ్ములో, మేం కూర్చున్న చోటల్లా నేల గుండ్రంగా, శుభ్రంగా బయటపడింది. ఆ దుమ్ము భద్రంగా మా వెనకవైపులకు అంటుకుని ఉంది.

సెక్రటరీ గారు ఇంటికి వెళ్లాలంటే ఆ వరండా దాటాలి. ఆయన ఒక్క ముద్రనూ తొక్కకుండా, కాళ్లు ఎత్తెత్తి వేసుకుంటూ, చాలా నెమ్మదిగా నడిచి వెళ్లారు.