‘సరే’ అంటే ఒప్పుకోని మనిషి

మంగళవారం పొద్దున స్టుట్‌గార్ట్ వెళ్ళే ఎస్-బాన్ రైల్లో ఉండగా మేడ మీది అక్క మెసేజ్ పెట్టింది, వాళ్ళ నాన్నగారు నిద్రలోనే పోయారని. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. ఆయన్ని నేను బాబాయిగారు అనేదాన్ని. ఇండియన్ ఆర్మీలో సిగ్నల్స్ ఆఫీసరుగా రిటైరై, కూతురి దగ్గరికి వచ్చి మా పై అంతస్తులో ఉండేవారు.

నాకు ప్రశ్నలెక్కువ. మొదటి పరిచయంలోనే అడిగేశాను. "కొండకొక దళం ఉంటే, ఒకళ్ళకొకళ్ళు కనపడకపోతే, అందరూ కలిసి ఎలా కదులుతారండీ?"

ఆయన మొహం వెలిగిపోయింది. వంటింటి బల్ల మీద పప్పు డబ్బాలు కొండలయ్యాయి, చెంచాలు దళాలయ్యాయి. టెంటులో చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని, ఎవరు ఎక్కడున్నారో మ్యాపు మీద గుర్తులు పెట్టుకుంటూ కూర్చోవడం ఆయన పని. తొందరపడి ఒక దళం ముందుకెళితే మనవాళ్ళ గుళ్ళే మనవాళ్ళకి తగులుతాయట.

"నాన్నా, ఆ ఉప్పు కొండ ఇటివ్వు, కూర దించేయాలి," అనేది అక్క.

"చూశావా, హెడ్‌క్వార్టర్స్‌కి చెప్పకుండా కొండ ఎత్తుకుపోతోంది," అనేవారు.

ఆయనకి ‘సరే’ అనే మాట గిట్టదు. మనం ఊరికే అనేస్తామే, వినీ వినకుండా, ఆ సరే. "సరే అంటే చెవిన పడిందని. ఏం చేస్తావో నీ నోటితో చెప్పు," అనేవారు. పాలు తెమ్మన్నా అంతే. మావారు తప్పించుకు తిరిగేవారు.

పోయినేడు వేసవిలో మూడు కుటుంబాలం బ్లాక్ ఫారెస్ట్‌కి నడకకి వెళ్ళాం. బాబాయిగారితో మా బృందం ఒక దారిన, మావారూ మా ఎనిమిదేళ్ళ పాపా ఇంకో దారిన ఎక్కి, కొండ మీది హోటల్లో కలవాలి. కార్ల దగ్గర బాబాయిగారు మావారిని ఆపారు. "దారి తప్పినా, ఫోను అందకపోయినా, వెనక్కి ఇక్కడికే రావాలి. అడ్డదారి వెతకొద్దు."

"సరే అంకుల్."

"సరే వద్దు. చెప్పు."

మావారు నవ్వుతూ బళ్ళో పిల్లాడిలా అప్పజెప్పారు.

మేం పైకి చేరేసరికి పొగమంచు కమ్మేసింది. ఫోన్లకి సిగ్నల్ లేదు. గంటైంది, వాళ్ళు రాలేదు. వాళ్ళ దారిన దిగి వెతుకుతానని లేచాను.

"నువ్వూ వెళితే నేను వెతకాల్సినవాళ్ళు ఇంకొకరు పెరుగుతారమ్మాయ్. అందరం వచ్చిన దారినే కార్ల దగ్గరికి దిగుదాం," అన్నారు బాబాయిగారు. నాకు కోపమొచ్చింది. అయినా ఆయన వెంటే నడిచాను. ఆ దిగుడంతా ఎన్ని మొక్కుకున్నానో నాకే తెలీదు.

కింద కారుకి ఆనుకుని ఇద్దరూ నిలబడి ఉన్నారు. పాప బిస్కెట్లు తింటోంది. నేను దాన్ని పట్టుకుని ఏడ్చేశాను.

బాబాయిగారు మాత్రం, నా ఏడుపు తగ్గాక, పాపని కార్లో పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలు మొదలెట్టారు. ఎక్కడ తిరిగారు, ఏం చూశారు, ఎక్కడ ఆగిపోయారు, ఎవరు ముందు వెనక్కి వెళదామన్నారు. వదలరే! నన్ను మించిపోయారు.

"దొరికారుగా బాబాయిగారూ, ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. "ఒకసారి నా దళం ఒకటి వైర్‌లెస్‌లో మాట తెగిపోయి తిరిగి రాలేదమ్మా. పొగమంచే ఆ రోజూను. ఏ మలుపు దాకా వచ్చారో, అక్కడేం అనుకున్నారో అడుగుదామంటే ఒక్కడూ మిగల్లేదు," అన్నారు.



పాప ఆవిరి పట్టిన కారు అద్దం మీద వేలితో దారి గీస్తోంది. "దన్ లింక్స్," అని జర్మన్‌లో అంటూ గీత ఎడమకి తిప్పింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ముక్కు అద్దానికి ఆనేంతగా వంగి, "ఊఁ, ఎడమకి తిరిగారు. ఆ తర్వాత?" అంటున్నారు.