గొల్లకావడికి అగ్గితెగులు

మా బాన్సువాడ డాబా మీద, పక్కకు జరిపే రేకుల కప్పుతో ఒక గది కట్టించి, దానికి అబ్జర్వేటరీ అని పేరు పెట్టుకున్నాను. వీధిలోవాళ్లు దాన్ని పావురాల గూడంటారు, వాళ్ల ఖర్మ. వరికొయ్యలు తగలబెట్టిన పొగ వదిలేదాకా ఆగి, గొల్లకావడి మూడు చుక్కల కింద నక్షత్రాలు పుట్టే ఎర్రటి మేఘాన్ని చలికి వణుకుతూ ఫొటో తీశాను. దాన్ని కోటగిరిలో వరి పండించే మా బావకు ఫోన్లో పంపాను. కింద ఒక్క ముక్క రాయలేదు. అంత అందానికి మళ్లీ వివరణ ఎందుకని నా పొగరు.

మా వైపు రైతు ఫోన్‌కు మచ్చల ఫొటో ఏదొచ్చినా నేరుగా పురుగుమందుల దుకాణానికి పోతుంది. ఇదీ పోయింది. కాసేపటికి బావ కంగారుగా ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, గిది ఎవల పొలం? దుకాణపాయన సూసి వరికి అగ్గితెగులన్నడు. చేయి దాటిందట."

"పొలం కాదు బావా, అది ఆకాశం! ఆడ నక్షత్రాలు పుడుతున్నయ్!" అని అరిచాను.



"ఆడ ఎవలు సేద్యం జేస్తుండ్రో గనీ, పక్క మడికి అంటకముందే దున్నెయ్యమను."