దీపం పెట్టగానే ఆగిపోయే లైట్లు

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే, పనీపాటా లేదా అని కసిరేదాన్ని. మూడో తరగతితో చదువు ఆగిపోయినా, కంటితో చూడనిది నమ్మే అలవాటు నాకు లేదు. ఇది మాత్రం కంటితో చూశాను.

తిరుపతిలో మా ఇంటికి నా కొడుకు రిమోట్‌తో పనిచేసే స్విచ్చులు పెట్టించాడు. లైట్లు, ఫ్యాన్లు, టీవీ, అన్నిటికీ ఒకటే రిమోట్. అందులో ఎర్ర బటన్ నొక్కితే అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. నాకు నచ్చిన బటన్ అదొక్కటే.

కొన్నాళ్లకు, సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టగానే అన్నీ వాటంతటవే ఆగిపోవడం మొదలైంది. సరిగ్గా కోడలు సుజాత సీరియల్ చూసే వేళ. పోయిన మా అత్త పద్ధతి అదే. దీపం వెలిగితే ఇంట్లో ఇంకో లైటు వెలగకూడదు. అన్నం కూడా ఆ వెలుగులోనే తినాలి.

ఇంట్లో అనుమానం మాత్రం నా మీదే. కరెంటు వృథా అయితే నేను ఊరుకోనని అందరికీ తెలుసు.

"మీరే నొక్కతా ఉండారత్తా. ఇంగెవురు నొక్కుతారు?" అంది సుజాత.

కొడుకు నా మొహం చూడకుండా, "ఐరాల్లో తమ్ముడి కాడ కొన్నాళ్లు ఉండి రామ్మా" అన్నాడు.

చేయని పనికి నన్ను ఇల్లు కదిలిస్తారా? నిజం తేలేదాకా గడప దాటనన్నాను.

మనవరాలు హారిక ఇంజనీరింగ్ చదువుతోంది. గాలిలో పోయే సిగ్నల్‌ని పట్టి, మళ్లీ వదిలే చిన్న రేడియో పెట్టెను లాప్‌టాప్‌కు తగిలించింది. రిమోట్‌లో ఎర్ర బటన్ నొక్కితే తెర మీద పసుప్పచ్చ గీతలు పడ్డాయి. వాటిని దాచుకుని, రిమోట్ ముట్టకుండా లాప్‌టాప్ నుంచే వదిలింది. ఇంట్లో అన్నీ ఆగాయి.

"దీనికి తాళమే లేదవ్వా. ఎవురైనా పట్టుకోవచ్చు, ఎవురైనా వదలొచ్చు."

"తాళం లేనిది మీ నాయన ఎట్ల కొన్నాడే?"

"అగ్గవగా ఉండేది తెమ్మనింది నువ్వే కదా!"

చవక మాట ఇప్పుడెందుకని కసిరాను.

ఆ సాయంత్రం హారిక రిమోట్ బ్యాటరీలు తీసి తన దగ్గర పెట్టుకుంది. నా రెండు చేతుల్లో కనకాంబరాల దారం. సుజాత తనే దీపం వెలిగించింది. ఇల్లంతా ఆగిపోయింది. లాప్‌టాప్ తెర మీద అవే గీతలు.

తర్వాతి సాయంత్రాల్లో హారిక ఆ పెట్టెను వీధిలో, మిద్దె మీద, పక్కింటి గోడ దగ్గర పెట్టి చూసింది. అన్నిచోట్లా సిగ్నల్ బలహీనం. దేవుడి గూటి దగ్గరే గట్టిగా వస్తోంది. గూటి పక్కన మా అత్త ఫోటో ఉంది. తీసి చూస్తే వెనక మేకు తప్ప ఏమీ లేదు.

సుజాత ఫోటో ముందు చేతులు జోడించింది. "పెద్దత్తా, తప్పయిపోయింది. లైట్లు ఆపుకోండి, ఫ్యాన్లు ఆపుకోండి. టీవీ ఒక్కటి ఇడిసిపెట్టు తల్లీ!"

ఐరాల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు దీపం పెట్టాం. లైట్లు పోయాయి, ఫ్యాన్లు పోయాయి. టీవీలో సీరియల్ మాత్రం వస్తూనే ఉంది.

హారిక గీతలన్నీ పోల్చి చూసింది. వచ్చింది అదే ఎర్ర బటన్ సిగ్నల్. దాంతో ఒకటి వదిలి మిగతావి ఆపడం కుదరదట. ఎలా జరిగిందో హారికకూ తెలియదు, నాకూ తెలియదు.

నాకు అర్థం కానిది ఇంకొకటి ఉంది. మా అత్త చేతికింద అన్నేళ్లు మసిలాను. బతికుండగా నేనెంత బతిమాలినా ఆమె ఏనాడూ ఒక్క బల్బు వదల్లేదు.